అవతలి ఒడ్డు లేని నీళ్లు

ఏమర్రా, పొద్దున్నుంచీ చూస్తున్నాను మిమ్మల్ని. జంతువుల పార్కుకు వెళ్లొచ్చారు, ఐస్‌క్రీములు తిన్నారు, ఎలుగుబంటి ఎంత బరువుందో, పూటకెన్ని చేపలు మింగుతుందో అంతా కనుక్కొచ్చారు. ఆఖరికి గుడ్లగూబ పేరు కూడా తెలుసుకున్నారు. బతుకంతా ఆ పార్కులో బకెట్లు మోసిన మనిషి పేరు మాత్రం ఒక్కరికీ అడగబుద్ధి కాలేదు. పరాయి మనిషా? మన పక్కిల్లే. ఈ బల్ల దగ్గరే కూర్చుని నాతో కాఫీ తాగేది. ఒక్కరోజైనా అడిగారా నన్ను? కూర్చోండి. ఆ ఫోను కింద పెట్టు.

సైమి ఆవిడ పేరు. టౌనోను పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చినప్పుడు ఇక్కడ పార్కూ లేదు, పాడూ లేదు. కొన్ని ఆవులు, ఒక గుర్రం, చుట్టూ అడవి. పుట్టిందీ అడవిలోనే. మన ఫిన్లాండ్‌లో నీళ్లకేం కరువు, ఏ తలుపు తీసినా సరస్సే. కానీ ఏ సరస్సు ఒడ్డున నిలబడినా అవతల మళ్లీ చెట్లే కదా. సైమికి అదే ఊపిరాడనిచ్చేది కాదు.

“ఒక్కసారి అవతలి ఒడ్డు లేని నీళ్లు చూడాలే హిల్యా,” అనేది నాతో. “చూపు దేనికీ తగలకూడదు.”

సముద్రం చూడాలని. అదేం చంద్రలోకంలో లేదు. కలయోకి దగ్గర సముద్రం మనకు బస్సులో నాలుగు గంటలు.

ఆవులున్నవాళ్ల ఇంటికి పంచాయతీ సెలవు మనిషిని పంపుతుందని తెలుసుగా. పాలు పిండి, పేడ తీసి, ఇంటివాళ్లను నాలుగు రోజులు తిరిగి రమ్మంటుంది. ఒక ఏడు వేసవికి సెలవు మనిషి ఖాయమైంది. సైమి కొత్త తువ్వాలు కూడా కొనుక్కుంది. ఇంతలో టౌనో ఆవులన్నిటినీ అమ్మేసి, తల్లి చచ్చిన ఎలుగుపిల్లను ఒకదాన్ని గోనెసంచిలో వేసుకొచ్చాడు.

“ఆవును చూడ్డానికి ఎవడూ టికెట్టు కొనడు. దీన్ని చూడ్డానికి కొంటాడు,” అన్నాడు.

సెలవు మనిషి వచ్చే వేళకు అది వంటింట్లో సీసాతో పాలు తాగుతోంది. వచ్చినమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“సైమక్కా, నాకు ఆవులన్నారే. దీనికి పొదుగేది?”

“ఇదీ పాలతో పనేనే. కాస్త సీసా పట్టు చాలు.”

“పిండటానికొచ్చాను గానీ పట్టడానికి కాదమ్మా,” అని సైకిలెక్కి వెళ్లిపోయింది. పంచాయతీ లెక్కలో ఎలుగుబంటి పశువు కాదు. ఇంక ఆ ఇంటికి సెలవు మనిషే రాలేదు.

దానికి మేసి అని పేరు పెట్టారు. సైమి చేతి పాలు తాగి పెరిగింది కదా, సైమి పిలిస్తేనే లోపలి బోనులోకి వెళ్లేది. టౌనో పిలిస్తే కూర్చుని వాడి మొహం చూసేది. అది లోపలికి వెళ్తే తప్ప బయట ఊడ్వలేరు, తిండి పెట్టలేరు. తర్వాత తోడేళ్లు వచ్చాయి, గుడ్లగూబలు వచ్చాయి, కంచె మీద కంచె వచ్చింది. మేసి ఒక పగలంతా ఆగేది గానీ, ఆపైన ఇనుప తలుపు పీకడానికి చూసేది. వేసవంతా సైమి ఒక్క రాత్రి కూడా ఊరు దాటి పడుకున్నది లేదు.

అలా ఏళ్లు గడిచాయి. మా ఆడవాళ్ల సంఘానికి ఏటా ఒకరోజు బస్సు యాత్ర ఉండేది. ఒక ఏడు సైమి బదులు పార్కులో టికెట్లు అమ్మడానికి టౌనో చెల్లెలు వచ్చింది. సైమి తెల్లవారేసరికి మేసికి తిండి పెట్టేసి, బస్సెక్కింది. ఎక్కడికో మాకెవరికీ తెలియదు. సంఘం పెద్ద కెర్తు చెప్పలేదు.

“చెప్పను గాక చెప్పను. సైమి కోసమే ఎంచాను. చూస్తే ఎగిరి గంతేస్తుంది,” అంది.

సైమి నన్ను మోచేత్తో పొడిచి, సంచి కాస్త తెరిచి చూపించింది. తువ్వాలు. కొన్ననాటి మడతే.

బస్సు సముద్రమున్న పడమటికే పోయింది. సైమి కిటికీకి అతుక్కుపోయింది. చెట్లు పలచబడుతున్నాయే అంటుంది. ఎక్కడ పలచబడ్డాయి, నా మొహం! ఇంతలో బస్సు కంకర రోడ్డులోకి తిరిగి, చెక్కతో చేసిన పెద్ద ఎలుగుబంటి బొమ్మ ముందు ఆగింది.

జంతువుల పార్కు. మన దానికంటే పెద్దది.

“ఎలా ఉంది?” అంది కెర్తు చేతులు చాపి. “అందరూ నీవాళ్లే!”

బస్సంతా సైమి వైపు తిరిగింది. “బాగుంది,” అంది సైమి. మనవాళ్ల సంగతి తెలుసుగా, పీక మీద కాలేసి నిలబడినా బాగుందనే అంటారు.

లోపల ఇంకా ఘోరం. సైమీ, ఇదేం తింటుంది? సైమీ, అది అక్కడక్కడే ఎందుకు తిరుగుతోంది? ప్రతి బోను దగ్గరా ఇదే గోల. మేమంతా ఒక తలుపు దాటితే, సైమి వెనక్కి వెళ్లి గడియ లాగి చూసుకుని వచ్చేది.

“ఏమే, జీతమేమైనా ఇస్తున్నారా నీకిక్కడ?” అని ఎవరో అంటే అందరూ నవ్వారు. తనూ నవ్వింది. తర్వాతి తలుపు దగ్గర మళ్లీ వెనక్కి వెళ్లింది. వానజల్లు పడి బెంచీ తడిసింది. కెర్తు కూర్చోడానికి తటపటాయిస్తుంటే, సైమి సంచిలోంచి తువ్వాలు తీసి పరిచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. డ్రైవరును అడిగితే సముద్రం అక్కణ్నుంచి గంట దూరమేనన్నాడు. అందరూ సరేనంటే పోనిస్తానన్నాడు. వచ్చి అందరి ముందూ అడిగేశాను.

“సైమికి సముద్రం చూడాలనుంది. గంటే. పోదామా?”

అందరూ వాళ్ల బూట్లు చూసుకున్నారు. కెర్తు మొహం ఎర్రబడింది.

“కాఫీకి, యాలకుల రొట్టెలకి అందరికీ ముందే చెప్పి ఉంచానే,” అంది. “ముందే ఒక మాట అనకపోయావా సైమీ?”

“ఈ హిల్యా మాటలకేం గానీ, పదండి,” అంది సైమి. “కాఫీ చల్లారిపోతుంది.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. “ఎందుకే అలా అన్నావు?”

“కెర్తు ఏడ్చేసేదే.”

“మరి నువ్వు?”

“నాకు బకెట్లు కడిగే పనుంది,” అని కళ్లు మూసుకుంది.

టౌనో పోయాక పార్కు అతని అన్న కొడుకు చేతికొచ్చింది. మేసి మాత్రం సైమిదే. చలికాలమంతా మేసి గడ్డిలో దూరి నిద్రపోతుంది కదా, ఇప్పుడు నిన్నెవరు ఆపుతారే అని ఒక ఫిబ్రవరిలో లాక్కుపోయాను. మీ నాన్నే కారు నడిపాడు. కలయోకిలో దిగాం. తెల్లగా, చదునుగా, కంటికి ఆనినంత మేర మంచు గడ్డ. నీటి చుక్క లేదు. ఒడ్డేదో సముద్రమేదో తెలియదు. సైమి బూటుతో మంచు గీరి చూసింది.

“పొలంలా ఉందే,” అంది.

ఫ్లాస్కులో కాఫీ తాగి వచ్చేశాం. మేసి మేలుకునేదాకా సముద్రం కరగదు. అది మేలుకున్నాక సైమి కదలదు.

ఒక వసంతంలో మేసి ఇంక నిద్ర లేవలేదు. ముసలిదైపోయింది. కొన్నాళ్లకు నేనే వెళ్లి, “జులైలో పోదాం, ఈసారి నీళ్లుంటాయి,” అన్నాను. సరేనంది. మీ నాన్నకు కూడా చెప్పి ఉంచాం.

మే నెలలో టౌనో అన్న కొడుకు అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. అందులో రెండు ఎలుగుపిల్లలు. తల్లి లారీ కింద పడిందట.

“పిన్నీ, నాకు సీసా పట్టడం రాదు. ఈ ఒక్క వేసవీ చూడు,” అన్నాడు.

నేనక్కడే ఉన్నాను. కాదను, కాదను అని లోపల అరుస్తున్నాను. సైమి నా వైపు చూడలేదు. పెట్టెలో గోళ్లు గీరుకుంటున్న చప్పుడు విని, చేతులు చాపి అందుకుంది.

“పాలు గోరువెచ్చగా ఉండాలి,” అంది. “ఆ గిన్నె పొయ్యి మీద పెట్టు హిల్యా.”

పెట్టాను. ఏం చెయ్యను?

బోనులో ఎలుగులు ముప్పై ఏళ్లు బతుకుతాయి. సైమి చనిపోయేనాటికి డెబ్భై నాలుగేళ్లు. ఆ రెండూ అప్పటికింకా సైమి పిలిస్తేనే లోపలికి వెళ్లేవి.