మళ్ళీ పూడ్చిన పూలగోడ

2002 ఏప్రిల్ 5, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. ప్రత్తిపాడు దగ్గర ఒక ఊరి దిబ్బ మీద బౌద్ధ విహారం తవ్వుతున్నాం. విహారమంటే భిక్షువులు కాపురమున్న మఠం. గదుల గోడలు మోకాలెత్తున మిగిలాయి. పై ఇటుకలన్నీ ఎప్పుడో ఊళ్ళో ఇళ్ళకూ గొడ్లచావిళ్ళకూ పోయాయి. నేను కూలీల మేస్త్రీని. ఆ రోజు పనిలోకి సుబ్బయ్య, ఏసమ్మ ఇద్దరే వచ్చారు.

ఆ పొద్దున ట్రెంచ్‌లో, అంటే కొలత పెట్టి తవ్వే గుంటలో, ఒక గోడకు స్టక్కో బయటపడింది. స్టక్కో అంటే సున్నంతో చేసిన బొమ్మపని. తామరపూల వరస. ఒక రేకు మీద పనివాడి బొటనవేలి ముద్ర అలాగే ఉంది. ఫొటోలు తీసే మనిషి మర్నాడు రావాలి.

ఇంతలో పడమట మబ్బు లేచింది. నాని ఉన్న ఆ సున్నం వాన పడితే కరిగిపోతుంది. మా దగ్గరున్నది ఒక్కటే టార్పాలిన్ పట్టా. అది విప్పుతుంటే కోటేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చింది. కౌలుకు మిరప వేసిన మనిషి. విహారం వాకిట్లో పాత ఇటుకల నేల బాగా కాగుతుందని కాయంతా అక్కడే ఆరబోసింది.

"మస్తానన్నా, ఆ పట్టా ఇటియ్యి! నాది జల్లెడైపోయింది."

"నీకిస్తే ఈ గోడ పోద్దమ్మా."

"గోడ అన్నం పెడద్దా? కాయ తడిస్తే రంగు పోయి తాలు కింద కూడా కొనరు!"

ఆఫీసరు రామ్మోహన్ గారు గుంటలోంచే అన్నారు. "మేస్త్రీ, పట్టా ఆవిడకిచ్చెయ్. గోడ పూడ్చెయ్యండి."

"ఏందండీ? నెల పొడుగునా నడుములు పడిపోయేట్టు తవ్వాం."

"ఇన్నాళ్ళూ మట్టే కాపాడిందయ్యా. జల్లించిన మట్టి ముందు వెయ్యండి."

"రేపు దీన్నే మళ్ళీ తవ్వమంటారుగా సార్?" అన్నాడు సుబ్బయ్య గంప ఎత్తుతూ.

"తవ్వుదాంలేరా."

కోటేశ్వరమ్మ పట్టా భుజాన వేసుకుని గుంటలోకి తొంగిచూసింది. "అయ్యో, ఇంత బాగున్నయ్యా!" అంది. అని కాయ మీదికి ఉరికింది. ఏసమ్మ పూల సందుల్లో మట్టి చేత్తో అద్దింది. సగం పూడ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఒళ్ళు పులిసిపోయినా గుంట నిండేదాకా ఆగలేదు.

కాయ దక్కింది. వాన వదలక మర్నాడు ఫొటోల మనిషి రాలేదు, గుంట ఆరేలోపే ఆఫీసరు గారికి బదిలీ అయింది, తవ్వకం ఆగింది. ఆ గుంట మళ్ళీ ఎవరూ తెరవలేదు. దిబ్బ నిండా తుమ్మ మొలిచింది. కింద పూలున్నాయంటే కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, చూపించడానికి ఫొటో లేదు. దాచినదాన్ని మళ్ళీ మన చేత్తో తీస్తామన్న నమ్మకం ఈ పనిలో పెట్టుకోకూడదని అప్పుడు తెలిసింది. అయినా మళ్ళీ ఆ మబ్బే వస్తే అలాగే పూడుస్తాను.

ఆ పూలు చూసినవాళ్ళం ఇంతమందిమే: రామ్మోహన్ గారు, సుబ్బయ్య, ఏసమ్మ, కోటేశ్వరమ్మ, షేక్ మస్తాన్ అనే నేను.