బర్రెతో చెప్పుకున్న మాటలు

రెండేళ్ల కింద సూర్యాపేటలో ఒక కుర్ర దర్శకుడికి సన్మానం చేస్తే, మిర్యాలగూడ నుంచి నేనూ మా ఆవిడా వెళ్లాం. అతని సినిమాలో ఒక ఇల్లాలు మొగుడితో ఏమీ చెప్పదు. కోపమొచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా పాలు పిండుతూ బర్రెతోనే చెప్పుకుంటుంది. రిటైర్డ్ టీచర్ని కదా, ఊరుకోలేక మైకు అడిగి తీసుకున్నాను.

"ఏ విదేశీ సినిమాలకెంచి ఎత్తుకొచ్చినవ్ బాబూ ఆ సీను? మన ఇండ్లల్ల ఎవరన్న గిట్ల బర్రెతోని మాట్లాడుతరా?"

హాలంతా చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఉబ్బింది.

అతను లేచి చేతులు జోడించాడు.

"ఎత్తుకొచ్చిన మాట నిజమే సార్. గడ్డం పెంచిన గదా, గుర్తుపట్టలే మీరు. కాలేజీల చదివేటప్పుడు మీ ఇంట్ల పై రూమ్‌ల కిరాయికున్న. రోజూ పొద్దుగాల అమ్మ మాటలు ఇనపడేటియి. అవే సినిమాల పెట్టిన."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కకు చూస్తే మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నా మాటలు పైదాక ఇనపడ్డయట," అంది మెల్లగా.

ఆ రోజుల్లో పొద్దున్నే మా బర్రె కొట్టం పక్కనే, వరండాలో కుర్చీ వేసుకుని నేను పేపరు చదువుకునేవాణ్ని.