వెనక నడిచిన ఏడో మనిషి

ఓబులమ్మది కుందుర్పి దగ్గర పల్లె. శనక్కాయ చేలల్లో కూలికి పోయేది. 2004 వేసవిలో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, ఐదు వారాలు రేడియేషన్, వాళ్ల మాటలో కరెంటు, పెట్టించుకోవాలన్నారు. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో అదే జబ్బుతో వచ్చిన మరో ఆరుగురు ఆడవాళ్ల మధ్య మంచం ఇచ్చారు.

"పండుకుంటే నీరసం పోదమ్మా. దినామూ అరగంట గబగబా నడవండి. ఆయాసం రావల్ల, మాట ఆగకూడదు" అంది నర్సు సుబ్బరత్నమ్మ.

ఓబులమ్మతో కలిపి ఆరుగురు సాయంత్రాలు పక్కనున్న పాడుబడిన నూనె మిల్లు చుట్టూ తిరిగేవారు. ఏడో మనిషి, కదిరి మారెమ్మ, గోడవైపు తిరిగి పడుకునేది. "నడిచి యాడికి పోవల్ల?" అనేది.

మూడో రోజు షెడ్డు మెట్ల మీద కూర్చున్న సుబ్బరత్నమ్మ అడిగింది. "ఏడుమంది వస్తాండారే. మారెమ్మ లేసిందా?"

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆరుగురే. మర్నాడూ అంతే. దూరాన మలుపులో ఏడుగురు, దగ్గరికొస్తే ఆరుగురు.

అందరికంటే వెనక నడిచేది ఓబులమ్మ. ఆమెకు వీపు వెనక అడుగులు వినిపించాయి. ఆగితే అవీ ఆగాయి, ఒక్క క్షణం ఆలస్యంగా. వడగాలిలోనూ మెడ చల్లబడింది. తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

షెడ్డులోకి వచ్చి, మారెమ్మ కాళ్ల మీద జారిన దుప్పటి సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చీలమండల దాకా మిల్లు దారిలోని ఎర్రమట్టి.

"నువ్వు లేసి యాడికన్నా పోయినావా?"

"నాకు లేసే సత్తువ యాడుండాదక్కా? కండ్లు మూస్తే మాత్రం మీ వెనకాలే వస్తాంటా. ఎంత పిలిచినా ఒక్కరూ తిరిగి చూడరు."

 ఓబులమ్మ తడిగుడ్డ తెచ్చి ఆ పాదాలు తుడిచింది. మర్నాడు సాయంత్రం మారెమ్మ చంకలో చెయ్యేసి లేపింది. "నన్ను పట్టుకోని రా. వెనక మాత్రం నడవద్దు."

మొదటిరోజు పది అడుగులు. వారానికి మిల్లు గేటు. మూడో వారానికి పూర్తి చుట్టు. సుబ్బరత్నమ్మ లెక్కపెట్టింది. దూరానా ఏడుగురే, దగ్గరా ఏడుగురే.

మారెమ్మ వైద్యం ముందుగా ముగిసింది. తీసుకుపోవడానికి వచ్చిన మొగుడు దాసప్ప ఆటో పిలిస్తే, వద్దని బస్టాండు దాకా నడిచింది.

ఆ సాయంత్రం ఓబులమ్మ మళ్లీ చివర నడిచింది. వెనక ఏ చప్పుడూ లేదు. అయినా మిల్లు మలుపు దగ్గర ముందున్నామె చెయ్యి గట్టిగా పట్టుకుంది.