చికాగో నుంచి డెట్రాయిట్‌కు గంటంపావు

జిన్నారం దగ్గరి మా మందుల ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి రెండు నెలలు. అమెరికా కంపెనీ మా సరుకు తిప్పి పంపింది. తప్పు సరుకులో లేదని రికార్డు పుస్తకాలు చూపించి అక్కడి పెద్ద ఆఫీసరును ఒప్పిస్తే నూట నలభై మందికి మళ్ళీ పని. లేకపోతే వేరేవాళ్ళతో ఒప్పందమని ముందే రాశాడు. ఆ పుస్తకాలు రాసిన సూపర్‌వైజర్ని కనుక యజమాని నన్ను డెట్రాయిట్ పంపాడు.

బయల్దేరిన రోజు పొద్దున ఆరింటి బస్సులో, మా ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే రియాక్టర్ ఆపరేటర్ యాదయ్య నాతో పటాన్‌చెరు దాకా వచ్చాడు. "సారూ, మీ మాట మీదనే మా పొయ్యి మండుడున్నది. జెర నిమ్మళంగ చెప్పుండ్రి," అన్నాడు.

బేగంపేట నుంచి బొంబాయి, లండన్ మీదుగా మర్నాడు సాయంత్రానికి చికాగో చేరాను. విమానాశ్రయంలోనే డెట్రాయిట్ టికెట్ తీసుకున్నాను. ఆఫీసరు మరుసటి రోజు పొద్దున పదకొండింటికి రమ్మన్నాడు. ఆ తర్వాత ఆయన ఊరెళ్ళిపోతాడు. పొద్దున ఏడింటికో విమానం, తొమ్మిదింటికో విమానం ఉన్నాయి. మా వైపు బస్టాండు బోర్డు మీద రాసిన టైము ఎవరూ నమ్మరు, పక్కనున్నవాణ్ణి అడుగుతారు. ఆ అలవాటుకొద్దీ కౌంటర్‌లో అమ్మాయిని ఎంతసేపు పడుతుందని అడిగాను. రెండు వందల నలభై మైళ్ళు, గంటంపావు అంది. తొమ్మిదికి ఎక్కితే పదింపావుకు దిగుతాను. ఏడింటికే పోయి ఎవరి మొహం చూడాలనుకున్నాను. టికెట్ మీద చేరే టైము రాసే ఉంది. నేను చూడలేదు.

పొద్దున హోటల్లో తీరిగ్గా స్నానం చేసి, ఇంటినుంచి తెచ్చుకున్న సకినాలు తిని విమానమెక్కాను. కింద సముద్రమంత చెరువు. చెప్పాల్సిన మాటలు మనసులో వల్లె వేసుకుంటూ దిగాను.

టాక్సీ నడిపేది మన హైదరాబాదు టోలిచౌకి మనిషి. పదకొండుకు ఇంకా అరగంట ఉంది, మెల్లగా పోనివ్వమన్నాను. అద్దంలోంచి నా వైపు చూశాడు.

"సాబ్, పదకొండున్నర అయింది. ఈడ టైం చికాగో కంటే గంట ముందుంటది. మీకెవ్వరు చెప్పలే?"

ఒకే దేశంలో రెండు టైములుంటాయని నాకు తట్టనే లేదు. తొందరగా పోనివ్వమన్నాను. పాపం, అతను ఎంత జల్దీ నడిపినా పన్నెండు కావొచ్చింది. ఆఫీసరు పదకొండున్నర దాకా చూసి వెళ్ళిపోయారని అక్కడి అమ్మాయి చెప్పింది. పుస్తకాలు బల్ల మీద పెట్టాను. ఆమె మర్యాదగానే నా వైపు జరిపింది. ఫోన్‌లో యజమాని, "ఇగ వచ్చెయ్," అని పెట్టేశాడు.

మూడింటికి తిరుగు విమానం. చికాగోలో దిగితే మూడుంపావు. పోయిన గంట ఉత్తపుణ్యానికి తిరిగొచ్చింది. దాన్నేం చేసుకోను? బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ దారిన పోయేవారు ఎంతసేపని అడిగి ఊరుకోకండి, దిగే ఊళ్ళో టైమెంతో కూడా అడగండి.

పటాన్‌చెరులో బస్సు దిగేసరికి యాదయ్య నిలబడి ఉన్నాడు. ఫ్యాక్టరీ ఇక తెరవరన్న కబురు అతనికి అప్పటికే అందింది.

"ఎంతసేపు మాట్లాడిండ్రు సారూ?"

"గంటసేపు," అన్నాను.

"గంటసేపు చెప్పినా ఇనకపాయె. ఇగ మీరేం జేస్తరు," అని నా పెట్టె అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు.