వెండి తీగతో కట్టిన పళ్లు

కాదు, మా మేనత్త పళ్లు ఆమె మొండితనం వల్ల పోలేదు. ఈ మాట ఎన్నిసార్లు అన్నా మామయ్య ఒప్పుకోలేదు. తాను చనిపోయేదాకా ఒప్పుకోలేదు.

ఎనభైల మొదట్లో నేను జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. హైదరాబాద్‌లో పెరిగి, ఉద్యోగం కోసం వచ్చి మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. పొద్దంతా ఫోను పట్టుకుని ఊరి వాళ్ల మాటలు కలపడం, ఇంటికొచ్చి మామయ్యతో తగువు పెట్టుకోవడం, ఇదే నా పని.

అత్తకు నలభై నిండలేదు. చిన్నప్పటి నుంచీ కాల్చిన పొగాకు పొడి, మిశ్రి అంటారు, చిగుళ్లకు రుద్దేది. చిగుళ్లు వాచి, తరిగిపోయి, పైన ముందు పళ్లు రెండూ ఎడంగా జరిగి బయటికి వంగాయి. కొంగు అడ్డం లేకుండా మాట్లాడేది కాదు. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి మింగేది.

నేనే హైదరాబాద్ తీసుకెళ్లాను. పళ్ల డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ముందు చిగురు తెరిచి శుభ్రం చేయాలి. ఎముక తరిగిన చోట ఎముక పొడి నింపి కుట్టాలి. అది మాని గట్టిపడ్డాకే తీగ వేసి పళ్లను మెల్లగా దగ్గరికి జరపాలి. మానకముందే తీగ వేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. ఏడాది పైనే తిరగాలి, మిశ్రి మానాలి.

తలనొప్పితో అల్లాడుతూనే అత్త మిశ్రి మానేసింది. మామయ్యే అడ్డం పడ్డాడు.

"పండ్ల కోసం ఏడాది పట్నం తిరుగుతదా? జొన్న కోతలకు నీ డాక్టరమ్మ వస్తదా?"

నేను అరిచాను.

"అరిచేదుంటే ఫోన్ల అరువు, ఇంట్ల కాదు" అన్నాడు.

కోతలు అయిపోయాక ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్త కొంగు తీసి నవ్వింది. రెండు పళ్లూ దగ్గరయ్యాయి. వాటి చుట్టూ సన్నటి వెండి తీగ.

"అవుసలాయన కట్టిండు, పిల్లా. డాక్టరమ్మ చెప్పిన తీగ గిదే గద? నా చెవులు కుట్టింది ఆయనే, ముక్కు కుట్టింది ఆయనే. కూసున్న జాగల అయిపాయె."

అక్కడ పన్ను కదిలితే నగలు చేసే అవుసలాయన దగ్గరికే పోయేవాళ్లు.

"మరి చిగురో? తీయించు అత్తా."

"జర నవ్వనియ్యవే. ఎన్నేండ్లయిందో."

ఆ వానాకాలమంతా నవ్వింది. తీగ మెల్లగా చిగురు లోపలికి జారింది. చీము పట్టింది. ఒకరోజు రొట్టె కొరికితే రెండు పళ్లూ చేతిలోకి వచ్చాయి, తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉన్నట్టే. అత్త వాటిని కడిగి, తీగ విప్పి, డబ్బాలో వేసింది.

"వెండి మంచిదే. అవుసలాయన మట్టెలల్ల కలుపుతడు" అంది, మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుని.

డాక్టరు మాట వినని మొండిదని మామయ్య చుట్టాలందరికీ చెప్పాడు. డాక్టరమ్మ చెప్పిన చిగురు వైద్యం, తీగ, ఈ రెండింటిలో ఆ ఇంట్లో, ఆ ఊళ్లో ఆమెకు దొరికింది తీగ ఒక్కటే. దాన్నే చేయించుకుంది. తప్పు ఆమెదే అంటారా? అయితే ఆమెను పట్నం బస్సెక్కించి, జొన్న కోతల్లో ఆమె కొడవలి మీరు పట్టేవాళ్లా?