మంగమ్మ పిన్ని కేక

రేపల్లెలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, రెండు నెలల్లో ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆరు రౌండ్ల ఇంటర్వ్యూ ఇచ్చాను. చేపలమ్మే మంగమ్మ పిన్నికి మొదటి రౌండ్ రోజే చెప్పాను, మా కిటికీ మూసి ఉంటే వీధిలో కేకెయ్యొద్దని. పాపం, ఆరుసార్లూ గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటి తలుపూ తట్టి అమ్ముకుంది.

ఈ ఉదయం మెయిల్ వచ్చింది. నేను బాగానే చేశానట, ఆ ఉద్యోగాన్నే తీసేశారట. కిటికీ మూసుకుని కూర్చుండిపోయాను. కాసేపటికి పక్కింటి తలుపు తట్టిన చప్పుడు విని బయటికి వచ్చాను.

"ఇయ్యాల కూడా ఉందిగా బాబూ, లోపలికెళ్ళు," అంది పిన్ని గుసగుసగా.

"అయిపోయినయి పిన్నీ. ఆ ఉద్యోగమే లేదంట. ఇక నువ్వు కేకేసుకోవచ్చు."

"అదేంటయ్యా! గంపలో చేప లేకుండా మేం కేకేస్తామా?"

ఫెయిలయ్యావని రాసినా ఇంత ఏడుపొచ్చేది కాదు. ఇలాంటి మెయిల్ వచ్చినవాళ్ళుంటే చెప్పండి, మీరు ముందుగా ఎవరికి చెప్పుకున్నారు? నేనైతే ఇంట్లో అమ్మకన్నా ముందు పిన్నికే చెప్పాను.

నేను కేకేసుకోమన్నా, వీధి మలుపు తిరిగేదాకా ఆమె నోరెత్తలేదు.