చెప్పుల కాపలా

భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు దిగి, సెక్టర్ 7లోని మా చెల్లెలు సత్యవతి ఇంటికి చేరేసరికి ఒళ్లు హూనమైంది. విశాఖ నుంచి నేను ఐసులో పెట్టి తెచ్చిన సొరచేపను ఉడికించి, పొడిగా చిదిమి వేయించి ఆమె పుట్టు వండింది. బాలింత అయిన కూతురికి పాలు పడాలని.

"మీ మావయ్య కాలు కొరికేసింది ఈ సొర్రేనే," అంది కూతురితో, నా పిక్క మీది మచ్చ చూపించి.

"అయితే దీన్ని తినేసి నీ తరఫున బద్‌లా తీసుకుంటున్నాం మావయ్యా!" అని నవ్వింది ఆ పిల్ల.

నేను నవ్వలేకపోయాను. ఓడలో పనిచేసే రోజుల్లో, సొర కరిచిందని గొప్పకి చెప్పిన అబద్ధమది. మా ఓడ తిరిగిన చలి సముద్రాల్లో సొరచేపలున్న మాట నిజమే. అయినా అక్కడి జనం రోజూ ఈదేవారు. నా కాలు కోసింది ఓడ మీది ఇనుప తాడు. ఆ సంగతి ఇన్నాళ్లకు చెప్పాను.

సత్యవతి గరిటె ఆపింది. "ఏటన్నయ్యా! విశాఖ వచ్చినప్పుడల్లా మా ఇంటోళ్లందరూ సముద్రంలో దిగితే, నీ సొర్రకి భయపడి ముప్పై ఏళ్లు ఒడ్డున చెప్పులకి కాపలా కూకున్నాను."

"తప్పైపోయిందమ్మా."

 సత్యవతి నాకూ పళ్లెం పెట్టి పుట్టు వడ్డించింది.

"వచ్చే నెల విశాఖ వస్తాను. మోకాళ్లు నొప్పైనా నీటిలో దిగుతాను. ఈ పాలి చెప్పుల కాడ నువ్వు కూకో."